జనవరిలో అడిగిన తేదీ

శనివారం సాయంత్రం ప్రార్థన కూడిక తమ ఇంట్లో అంటే, దేవకృపకు అది శుక్రవారం పొద్దున్నే మొదలవుతుంది. అటక మీది జంపఖానాలు దించి దులపాలి. స్టీలు గ్లాసులు నలభై తోమి బోర్లించాలి. గారెలకు పప్పు నానబోయాలి, సోఫాలు గోడకు జరపాలి, మెట్ల మీద చెప్పులు విడుస్తారని కింది వాటా వాళ్ళకు ముందే చెప్పి మంచి చేసుకోవాలి. ఇంత చాకిరీ ఆమె ఒక్కతే చేసినా, మెట్టుగూడ సంఘంలో దాని పేరు మాత్రం 'శాంతికుమార్ గారింట్లో కూడిక'. ఆయన పని గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు వందనాలు చెప్పడం. అది చాలా బాగా చేస్తాడు, కాదనకూడదు.

వంటగట్టు మీద ఒకపక్క పప్పు నానుతోంది, ఇంకోపక్క లాప్‌టాప్ తెరిచి ఉంది. దేవకృప పనిచేసేది సరోజినీదేవి రోడ్డులోని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కంపెనీలో. కంప్యూటర్ మీట నొక్కగానే లోపల లేచి మిగతా అన్నిటినీ నడిపించేది ఉంటుందే, దాన్ని తయారుచేస్తారు వాళ్ళు. కొత్త వెర్షన్ ఏ నెలలో బయటికి రావాలి, దానికి ఎన్నేళ్లపాటు మరమ్మతులు పంపాలి, పాతదాన్ని ఏ రోజున ఆపాలి, ఈ లెక్క తేల్చేది ఆమె. పదిహేడేళ్ల నుంచీ ఇదే పని. "తేదీలు వేసే పనేగా, క్యాలెండర్ ప్రెస్సువాళ్ళూ వేస్తారు" అన్నాడు శాంతికుమార్ ఆమె చేరిన కొత్తలో, చుట్టాలందరూ కూర్చుని ఉండగా. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఉడుక్కుందంటారని నవ్వింది. ఆ నవ్వును ఆయన ఒప్పుకోలు కింద తీసుకున్నాడో ఏమో, అప్పటి నుంచీ ఇంటికి ఎవరొచ్చినా ఆ మాట ఒకసారి తిరగేస్తూనే ఉన్నాడు.

ఈసారి తేదీలు మాత్రం ఆమె పని చేసినన్నాళ్లలో ఎన్నడూ పడనివి. పెద్ద పోటీ కంపెనీ ఒకటి ఊరూవాడా వాడుతున్న తన పాత సిస్టమ్‌ను అక్టోబరు రెండో వారంలో ఆపేస్తానని ప్రకటించింది. ఆ రోజు దాటాక దానికి మరమ్మతులు రావు, ఏ దొంగ చొరబడినా అడిగే దిక్కుండదు. పోనీ వాళ్ళ కొత్తది వేసుకుందామంటే పాత కంప్యూటర్లు దాన్ని మోయలేవు. స్కూళ్లు, ఆసుపత్రులు, చిన్న ఆఫీసులు మంచి కంప్యూటర్లను చేజేతులా పారేసుకోవాలి. దేవకృప వాళ్ళ కంపెనీ ఏటా కొత్త వెర్షన్‌ను డిసెంబరులో విడుదల చేస్తుంది. ఈ ఏడు డిసెంబరు కాదు, జులై అంది ఆమె. "నల్లా బందయినాక బిందెలు అమ్మితే ఎవరు కొంటారండీ? బందవుతుందని తెలిసినప్పుడే కదా కొనేది" అంది మీటింగులో. పరీక్షించి చూసుకోవడానికి జనానికి మూడు నెలలు ఉండాలి. తమ సొంత పాత వెర్షన్ కూడా అక్టోబరులోనే ఆగాలని ఎప్పుడో రాసిపెట్టుకున్నారు, దాన్ని ఆ తర్వాతి ఏప్రిల్‌కు జరపాలి, లేకపోతే రెండు కంపెనీల జనం ఒకే నెలలో ఫోన్లు చేస్తే ఎత్తేవాళ్ళు ఆసుపత్రి పాలవుతారు. కొత్త వెర్షన్‌కు ఏడేళ్ల సపోర్టు ఇస్తామని రాసివ్వాలి. ఇవన్నీ ఒప్పించడానికి ఆమెకు ఎనిమిది నెలలు పట్టింది. ఒప్పుకున్న రోజున మేనేజర్ తిరుమల్, "ఇది మీరు పెట్టిన చెట్టు మేడం, ఏడేండ్లు మీరే నీళ్లు పొయ్యాలె" అన్నాడు. ఆ ఏడేళ్ల బాధ్యత తనదేనని, ఇన్నాళ్లకు తేదీలు వేయడమే కాక వాటిని నిలబెట్టే కుర్చీ కూడా తనకు వస్తుందని ఆమె అప్పటి నుంచీ లోలోపల మురుస్తూ ఉంది.

ఆ మురిపెం ఇంట్లో పంచుకునే అవకాశం ఒకే ఒక్కసారి వచ్చింది. జనవరిలో ఒక ఆదివారం, ఆరాధన నుంచి వచ్చి కోడికూరతో అన్నం తింటూ శాంతికుమార్ ఉన్నట్టుండి అడిగాడు. "మీ పోటీవాళ్ళది ఎప్పుడు ఆగిపోతుందన్నావు?" ఆయన మిషన్ స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్. ప్రశ్నలు అడగడం ఆయన వృత్తే అయినా, పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆమె పని గురించి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. దేవకృప చెయ్యి కడుక్కుని వచ్చి, సంఘ పత్రిక వెనక అట్ట మీద గీత గీసి, నెలలు రాసి, జులై ఎందుకో, అక్టోబరు ఎందుకో, ఏప్రిల్ ఎందుకో చెప్పింది. ఆయన కంచంలో చెయ్యి ఎండిపోయేదాకా విన్నాడు. "అంటే అక్టోబరు దాటితే నీకు తెరిపి అన్నమాట" అన్నాడు. "తెరిపి ఎక్కడండీ, అసలు పని అప్పుడే మొదలు" అంది ఆమె. ఆయన తలూపాడు. ఆ మధ్యాహ్నం ఆమె గిన్నెలు తోముతూ పాట పాడుకుంది. నలభై మూడేళ్ల మనిషి, మొగుడు పని గురించి ఒక ప్రశ్న అడిగాడని సింకు దగ్గర పాట పాడుకుంది. ఇప్పుడు ఆ పాట గుర్తొస్తే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

శనివారం రానే వచ్చింది. జూన్ నెల, వాన పడీపడనట్టుంది. హాలు నిండింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. ఆ సంఘంలో ఒక అలవాటుంది. ప్రార్థన మనవులు చీటీల మీద రాసి పాస్టరు యెషయా అయ్యగారి బైబిల్లో పెడతారు, ఆయన ఒక్కొక్కటే చదివి ప్రార్థిస్తాడు, ప్రతిదానికీ అందరూ ఆమేన్ అంటారు. వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు కూడా అక్కడి నుంచే గొంతు కలుపుతారు. దేవకృప గారెలు వేస్తూ ఎవరిదో వీసాకు ఆమేన్ అంది, ఎవరిదో బీపీకి ఆమేన్ అంది. చివరిగా ఇంటివారి చీటీ.

"సహోదరుడు శాంతికుమార్ తల్లిగారు విమలమ్మ గారికి అక్టోబరు మూడో వారంలో రెండు మోకాళ్ళకూ ఆపరేషన్. డాక్టర్ల చేతులను ప్రభువు దీవించాలి."

"ఆమేన్."

"అత్తగారి పరిచర్య నిమిత్తం అక్టోబరు నుంచి ఉద్యోగం మానుకుని ఇంటిపట్టున ఉండటానికి సంతోషంగా తీర్మానం చేసుకున్న మన సహోదరి దేవకృప త్యాగాన్ని బట్టి ప్రభువుకు స్తోత్రం."

"ఆమేన్" అంది దేవకృప, గారె తిరగేస్తూ.

గొంతు అలవాటు కొద్దీ అనేసింది. బుర్రకు ఆ మాట అందేసరికి రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాల్లో హాల్లో నలభై మంది ఆమేన్ అనడం, దాన్ని ముగించి అయ్యగారు తర్వాతి పాట ఎత్తుకోవడం కూడా అయిపోయాయి. తన ఉద్యోగం పోవడానికి తనే అందరితో కలిసి తథాస్తు పలికింది. మూకుడులో గారె నల్లబడిపోయింది. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టింది, తర్వాతిది వేసింది. ఏం చేస్తుంది మరి, నలభై మందికి ఇంకా టీ ఇవ్వాలి. ట్రే పట్టుకుని వెళితే ఆడవాళ్ళు చెయ్యి పట్టుకున్నారు. "ధన్యురాలివమ్మా" అన్నారు. "ఈ రోజుల్లో ఎవరు మానుకుంటారు, మా కోడలైతేనా" అన్నారు. శాంతికుమార్ గుమ్మం దగ్గర నిలబడి, తనకు కాదులెండి ఆమెకే చెప్పండి అన్నట్టు వినయంగా నవ్వుతున్నాడు.

అందరూ వెళ్లాక జంపఖానాకు చెరో కొస పట్టుకుని మడుస్తున్నప్పుడు అడిగింది.

"ఆ చీటీ ఎవరు రాశారు?"

"నేనే. నీతో చెబుదామనే అనుకున్నా కృపా. నువ్వు ఎప్పుడు చూసినా ఆ లాప్‌టాప్‌లోనే ఉంటావాయె."

"నేను మానేస్తానని ఎప్పుడన్నాను?"

"అనలేదు. కానీ ఎవరో ఒకరు ఉండాలిగా. పనిమనిషి చేతిలో పెట్టలేంగా అమ్మను. నీ పని చెడకూడదనే కదా ఆపరేషన్ అక్టోబరుకు పెట్టించింది. డాక్టరు మార్చిలోనే చేస్తానన్నాడు. నేనే వద్దన్నా. మా ఆవిడ రిలీజ్ అయిపోవాలి, వాళ్ళ పోటీవాళ్ళది ఆగిపోవాలి, ఆ గొడవంతా తీరాక అని చెప్పా. తిరుమల్ గారు కూడా మెచ్చుకున్నారు, ఇంత ముందుగా ఎవరు చెబుతారు సార్ అని."

జంపఖానా కొస ఆమె చేతిలోనే ఉంది. "తిరుమల్ గారితో మాట్లాడారా?"

"జనవరిలోనే. క్రిస్మస్ విందుకు వచ్చినప్పుడు నంబరు ఇచ్చారుగా. నువ్వయితే మొహమాటపడతావు, నీ నోటితో చెప్పుకోలేవని నేనే చెప్పేశా. నీ భారం తగ్గించానే అనుకున్నా."

జనవరి. కోడికూర, సంఘ పత్రిక అట్ట, పెన్నుతో గీసిన గీత. దేవకృప ఆ తర్వాత ఆయన చెప్పినవేమీ వినలేదు. ఆయన అడిగింది తన పని గురించి కాదు, తనను ఎప్పుడు మానిపించవచ్చో తెలుసుకోవడానికి. తను నిజాయితీగా, మురిసిపోతూ, గీత గీసి మరీ చూపించింది. అసలు పని అప్పుడే మొదలు అని కూడా చెప్పింది. ఆ ఒక్క మాట ఆయన చెవికి ఎక్కలేదు, లేదా ఎక్కినా అక్కర్లేకపోయింది. కొట్టే మొగుళ్లున్నారు, తాగే మొగుళ్లున్నారు, ఈయన ఆ రెండూ కాడు, అందుకే ఎవరికైనా చెప్పుకుంటే నీకేం తక్కువ అంటారు. తిరుమల్‌ది మాత్రం తక్కువా? జనవరి నుంచి జూన్ దాకా రోజూ ఎదురుగా కూర్చుని టీ తాగాడు. ఫిబ్రవరిలో కిషన్ అనే ఇంజినీరును తెచ్చి పక్కన కూర్చోబెట్టి, జెర అన్నీ నేర్పుండ్రి మేడం అన్నాడు. తనకు సాయం ఇచ్చారనుకుంది. పదిహేడేళ్లలో తను తప్పులు చేసి నేర్చుకున్నదంతా, ఏ కస్టమరు మార్చి నెలాఖరులో ఫోన్ ఎత్తడో, ఏ స్కూలు జూన్‌లో దేన్నీ ముట్టుకోనివ్వదో, అంతా పూస గుచ్చినట్టు చెప్పింది. మంచి కుర్రాడు, తొందరగా పట్టుకుంటాడని ఇంటికొచ్చి శాంతికుమార్‌తో కూడా చెప్పింది. ఆయన చపాతీ తుంచుకుంటూ, మంచిదేగా అన్నాడు. మంచిదేగా. అన్నీ తెలిసి ఆ మాట ఎలా అనగలిగాడన్నది ఆమెకు ఎంత తిప్పి చూసుకున్నా అంతు పట్టలేదు.

మర్నాడు ఆదివారం, ఆరాధనకు తల దువ్వుకుంటూ విమలమ్మ పిలిచింది. ముప్పై రెండేళ్లు టీచరుగా చేసి రిటైరయిన మనిషి, ముఖం చూస్తే పిల్లలు హోంవర్కు చేశారో లేదో చెప్పేసేది.

"నిన్న అందరూ పొగుడుతుంటే నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏంటమ్మాయ్?"

"నేను మానేస్తానని ఎవరితోనూ అనలేదు అత్తయ్యా."

విమలమ్మ దువ్వెన ఆగింది. "నువ్వే అన్నావని వాడు చెప్పాడే. నేను వద్దన్నాను కూడా. వద్దురా, దానికి ఆ ఉద్యోగమంటే ప్రాణం అన్నాను. లేదమ్మా, తనే పట్టుబట్టింది అన్నాడు." కాసేపు తన మోకాళ్ళ వంకే చూసుకుంది. "నేను రిటైరైన రోజు స్కూల్లో దండ వేశారు. నాకు తెలిసే వేశారు."

అత్తగారి మీద పెట్టుకోవడానికి కాస్త కోపమన్నా మిగులుతుందనుకుంది దేవకృప. అదీ లేకుండా పోయింది.

సోమవారం తిరుమల్ గదిలోకి వెళ్లి తలుపు వేసింది. ఆమె అడగకముందే అతనికి అర్థమైంది. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"మీ సార్ ఫోన్ చేసిండు గద మేడం. ఇంట్ల తక్లీఫ్ ఉన్నది, అక్టోబర్ నుంచి రాదు, మీరు అడగకుండ్రి, బాధపడ్తది, టైమొచ్చినప్పుడు ఆమెనే చెప్తది అన్నడు. మంచి మనిషి, అబద్ధమెందుకు చెప్తడు అనుకున్న. నేను సుత మీ ఇజ్జత్ కొరకే ఊకున్న."

"ఏడేళ్ల సపోర్టు ఎవరి పేరు మీద ఉంది?"

అతను కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. పై వాళ్ళకు పంపిన షెడ్యూలు అది. జులై నుంచి అక్టోబరు దాకా ప్రతి గడిలోనూ దేవకృప. అక్టోబరు రెండో వారం దాటాక, ఏడేళ్ల పొడుగునా, కిషన్. ఏ తేదీ మీద తను పోటీ కంపెనీని పోనిచ్చి జనాన్ని ఇటు లాక్కుందామనుకుందో, సరిగ్గా అదే తేదీ మీద తననూ పోనిచ్చారు. ఆ పోటీ కంపెనీ కూడా, ముక్కూ మొహం తెలియని జనానికి, ఫలానా రోజున ఆపేస్తున్నాం, మీ ఏర్పాట్లు చూసుకోండని ఏళ్ల ముందు చాటింపు వేసి చెప్పింది. పక్కన పడుకున్న మనిషి చెప్పలేదు.

"నేను మానేయడం లేదు తిరుమల్ గారూ. ఆ పేరు మార్చండి."

"మార్చొచ్చు మేడం, మార్చరాదని కాదు." అతను గొంతు తగ్గించాడు. "కాకపోతే రేపు మళ్ల ఇంట్ల లొల్లి అయితది, మీరు సగంల పోతే నా మెడకు చుట్టుకుంటది. జెర సార్‌తోని ఒక్క ఫోన్ చేయించుండ్రి. సార్ సరే అన్నడంటే చాలు, నేను పైన మాట్లాడ్త."

దేవకృప బయటికి వచ్చింది. తన సీటులో కూర్చుంది. పక్క సీటులోంచి కిషన్ ఏదో అడిగాడు, సమాధానం కూడా చెప్పింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి శాంతికుమార్ కాస్త మెత్తబడి ఉన్నాడు. రెండు రోజులుగా ఆమె మాట్లాడటం లేదు, తల్లి మాట్లాడటం లేదు, ఇంట్లో ఆయనకు తోచడం లేదు. టీ కప్పు పక్కన పెట్టి ఫోన్ తీశాడు.

"సరే. తిరుమల్ గారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాలే. ఇంకో ఏడాది చేయనివ్వండి, తర్వాత చూద్దామని. సంతోషమేనా?"

నిజం చెప్పుకోవాలి. దేవకృప నోటి దాకా సరే అన్న మాట వచ్చింది. ఒక్క ఫోన్. ఆయన రెండు నిమిషాలు మర్యాదగా మాట్లాడితే ఆ గడుల్లో తన పేరు తిరిగి వస్తుంది. ఎనిమిది నెలల కష్టం దక్కుతుంది. ఎవరు ఫోన్ చేస్తే ఏం, పని కదా ముఖ్యం, అని సర్దుకోవడం ఆమెకు కొత్త కాదు, పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నది అదే. కానీ ఆయన వేలు తిరుమల్ పేరును వెతుకుతుంటే చూసింది. తన ఉద్యోగం ఆ ఫోన్‌లో ఉంది. ఇవాళ ఇస్తాడు, రేపు తీసుకుంటాడు, రెండూ మంచి మనసుతోనే చేస్తాడు.

"వద్దు. చేయకండి" అంది.

"నేను చేయకపోతే వాళ్ళు ఒప్పుకోరు కృపా. ఆలోచించుకో."

"మీకు దసరా సెలవులు పదమూడు రోజులు. వాడుకోని సెలవు ఎంతుందో మీకే తెలియదు. మీ గురించి మీ ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశారా, అమ్మకు ఆపరేషన్, నేను రానని?"

"నేనెలా..." అని ఆగాడు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ ఆలోచన ఆయనకు ఒక్కసారి కూడా తట్టలేదని మొహంలోనే తెలిసింది. దేవకృపకు కోపం కంటే ముందు ఒక రకమైన అలసట కమ్మింది. ఖాళీ కప్పు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లింది.

బుధవారం మొదటి కస్టమర్ మీటింగ్. బోయిన్‌పల్లి వైపు ఒక మిషన్ ఆసుపత్రి, నూట నలభై పాత కంప్యూటర్లు. వాటి బాగోగులు చూసే బ్యూలా వచ్చింది, యాభై దాటిన మనిషి, చేతిలో రూళ్ల నోటుబుక్కు. గదిలోకి వెళ్లేముందు తిరుమల్ దేవకృప పక్కకొచ్చి, "ఇయ్యాల కిషన్ మాట్లాడ్తడు మేడం, అలవాటు కావాలె గద. మీరు పక్కన కూసోండ్రి" అన్నాడు. సార్ ఫోన్ రాలేదని కూడా మెల్లగా గుర్తుచేశాడు.

కిషన్ బాగానే మాట్లాడాడు. ఆమె నేర్పినట్టే, ఆమె మాటల్లోనే. జులైలో విడుదల, ఆగస్టులో పది కంప్యూటర్లలో పరీక్ష, సెప్టెంబరు చివరికి మొత్తం మార్పు, అక్టోబరులో పాతది ఆగినా మీకు ఇబ్బంది ఉండదు, ఏడేళ్ల సపోర్టు రాసిస్తాం. బ్యూలా అన్నీ రాసుకుని కలం మూత పెట్టింది.

"తేదీలు బాగున్నాయి. తేదీలు అందరూ బాగానే ఇస్తారు బాబూ. ఆదివారం పూట మందుల కౌంటర్లో కంప్యూటర్ ఆగిపోతే లైన్లో నిలబడ్డ జనం మీ కంపెనీని తిట్టరు, నన్ను తిడతారు. అప్పుడు నేను ఎవరికి ఫోన్ చేయాలి? కంపెనీ పేరు కాదు. ఏడేళ్లూ ఉండే మనిషి పేరు చెప్పండి. ఒప్పందంలో ఆ పేరు వేస్తేనే మా డైరెక్టరు సంతకం పెడతారు."

ఒప్పందంలో ఒకసారి పేరు పడితే కస్టమరు ఒప్పుకోకుండా దాన్ని మార్చే వీల్లేదు. ఆ సంగతి గదిలో ఉన్న కంపెనీ వాళ్ళు ముగ్గురికీ తెలుసు. కిషన్ తిరుమల్ వైపు చూశాడు. తిరుమల్ గొంతు సవరించుకున్నాడు, దేవకృప వైపు చూడకుండా.

"నా పేరు రాసుకోండి," అంది దేవకృప. "దేవకృప. ఏడేళ్లూ నేనే."

తిరుమల్ నోరు తెరిచాడు. కస్టమరు ముందు ఏమనగలడు, మూసుకున్నాడు. రేపు పైనుంచి దేవకృపను సంజాయిషీ అడగొచ్చు. ఇంట్లో అక్టోబరు అలాగే ఉంది, రెండు మోకాళ్ళూ అలాగే ఉన్నాయి. అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

బ్యూలా పేరు రాసుకుంది, ఫోన్ నంబరు రాసుకుంది. రాశాక కలం పక్కన పెట్టి, ఆడమనిషి ఆడమనిషిని అడిగినట్టు అడిగింది.

"ఏడేళ్లంటే చిన్న మాట కాదమ్మా. మధ్యలో ఇంట్లో ఏదో అవసరం అంటారు, మానేసిందంటారు. ఇంతకుముందు ఇద్దరితో అలాగే అయింది మాకు."

"మానేసే రోజంటూ వస్తే నేనే వచ్చి మీతో చెబుతాను," అంది దేవకృప. "నా తరఫున ఇంకెవరు ఫోన్ చేసి చెప్పినా నమ్మకండి."